ప్రతి మాటా వినిపించిన గొడవ

మాస్టారు తన గదిలో, బల్లకీ పుస్తకాల బీరువాకీ మధ్య పడి ఉన్నాడు. తల వెనక భాగం లోపలికి నొక్కుకుపోయింది. నెత్తురు బీరువా అడుగు అరలోని గ్రామర్ పుస్తకాలను తడిపి, గుమ్మం దాకా పాకింది.

పక్కనే మైకు స్టాండు. దాని అడుగున ఉండే గుండ్రటి ఇనప దిమ్మకి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"ఎన్ని దెబ్బలు?" అంది ఇన్‌స్పెక్టర్.

"నాలుగైదుంటాయి మేడమ్," అన్నాడు క్లూస్ టీమ్ ఆఫీసర్. "మొదటి దానికే ప్రాణం పోయుంటుంది. మిగతావి కసి."

ఆమెకి కోపం ముక్కు మీదే ఉంటుందని స్టేషన్‌లో చెప్పుకుంటారు. అది తప్పు. ముక్కు దాకా వచ్చి ఆగే కోపం కాదు ఆమెది. అయితే శవం ముందు మాత్రం ఆమె గొంతు ఎప్పుడూ లేవదు. వంగి, మాస్టారి చొక్కా చేతిని పెన్నుతో పైకెత్తి చూసింది. పెనుగులాడిన గుర్తులేమీ లేవు. వెనకనుంచి కొట్టారు.

అది ఇంగ్లీషు కోచింగ్ సెంటర్. కింద టైలర్ షాపు. దానిపైన క్లాసు రూములు. ఆ పై అంతస్తులో మాస్టారి గది, దాన్ని ఆనుకుని పాఠాలు రికార్డు చేసే గది. ఆపైన డాబా. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా క్లాసులుండవు. హత్య జరిగింది ఆ విరామంలోనే.

హంతకుడు దొరికిపోయాడు కూడా. దొరికినవాణ్ణి జనం సగం చంపి మరీ అప్పగించారు.

అతను మాస్టారి సొంత తమ్ముడు. ఈ సెంటర్లోనే గ్రామర్ చెబుతాడు. పన్నెండూ నలభైకి, భోజనం క్యారియర్ తెచ్చిన మాస్టారి భార్య గది తలుపు తీసేసరికి, అన్న తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మోచేతుల దాకా నెత్తురు. ఆమె అరిచిన అరుపుకి వీధంతా పైకొచ్చింది. మెట్ల మీద ఈడ్చుకుంటూ తీసుకెళ్ళారు. ఎవరో కుర్చీ కాలు విరిచి దవడ మీద కొట్టారు. దవడ రెండు ముక్కలైంది. ఇప్పుడు ఆస్పత్రిలో, బయట పోలీసు కాపలాతో, నోటికి తీగలు వేయించుకుని పడున్నాడు. తన తరఫున ఒక్క మాట చెప్పుకునే వీలు కూడా లేదు.

సాక్షులు ముగ్గురు. ముగ్గురూ పన్నెండున్నరకి అన్నదమ్ముల గొడవ విన్నారు.

మొదట టైలరమ్మ చెప్పింది. "‘ఈ బిల్డింగ్‌లో నీకు ఇటుక ముక్క కూడా రాదు, దిక్కున్న చోట చెప్పుకో’ అన్నారు మాస్టారు. ‘నా వాటా ఇవ్వకపోతే నీ తల పగలగొడతా’ అన్నాడు తమ్ముడు. ‘చేతనైతే పగలగొట్టరా’ అన్నారీయన. అంతే మేడమ్. ఆ తర్వాత చప్పుడు లేదు."

"గొంతులు వాళ్ళవేనా?"

"పదేళ్ళుగా వింటున్నా. వాళ్ళవే."

ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు పెద్దాయన చెప్పిందీ అదే. ఇటుక ముక్క, వాటా, తల. ఒక్క అక్షరం తేడా లేదు. ఇంత ఒద్దికైన సాక్షుల్ని ఇన్‌స్పెక్టర్ తన సర్వీసులో చూడలేదు.

మూడోవాడు రికార్డింగ్ ఆపరేటర్. నలభై ఏళ్ళ మనిషి. అసలు పేరు ఎవరూ వాడరు, అందరూ ‘మైకు’ అనే పిలుస్తారు. కుర్చీని కాస్త పక్కకి తిప్పుకుని, ఆమెకి కుడి భుజం చూపిస్తూ కూర్చున్నాడు.

"గొడవ జరిగేటప్పుడు నువ్వెక్కడున్నావ్?"

"టైలరమ్మ షాపులో మేడమ్. టీ తాగుతున్నా."

"ఎప్పుడు దిగావ్?"

"పన్నెండుంబావుకి."

"అప్పుడు మాస్టారు?"

"బల్ల దగ్గర రాసుకుంటున్నారు."

"తల పగలగొడతానన్న మాట వినీ పైకెళ్ళలేదా?"

"అన్నదమ్ముల మధ్య దూరితే చివరికి మనమే చెడ్డ మేడమ్. రోజూ ఉండేదేగా అనుకున్నాం." తల దించుకున్నాడు. "ఈసారి వెళ్ళాల్సింది."

టైలరమ్మ తలూపింది. గొడవకి ముందూ, గొడవలోనూ, గొడవ అయ్యాకా అతను తన ఎదుటే ఉన్నాడు. పైకెళ్ళింది మాస్టారి భార్య కేక విన్నాకే.

ఆ భార్య మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"మా మరిదే," అంది. "ఏళ్ళుగా ఈ బిల్డింగ్ కోసం కొట్టుకు చస్తున్నారు. జనం పట్టుకున్నప్పుడు, డాబా మీద ట్యాంకు నింపుతున్నానని, మోటారు రొదలో ఏం వినపడలేదని అన్నాడు. అబద్ధం. నేనే కొట్టమన్నాను వాణ్ణి. చచ్చేదాకా కొట్టమన్నాను."

ఇన్‌స్పెక్టర్ డాబా ఎక్కి మోటారు వేసి చూసింది. నిజమే, పక్కన కానిస్టేబుల్ మాట్లాడితే పెదవులు కదలడమే తప్ప మాట వినిపించలేదు. కానీ అంతమాత్రాన తమ్ముడు ఆ సమయంలో డాబా మీదే ఉన్నాడని రుజువు కాదు.

సాయంత్రం డీఎస్పీ ఫోన్ చేశాడు. "సాక్ష్యాలున్నాయి, మనిషున్నాడు. రేపు మధ్యాహ్నానికల్లా రిమాండ్ రిపోర్ట్ నా టేబుల్ మీదుండాలి."

రిపోర్టు స్టేషన్ రైటర్ రాస్తాడు. అది ఇంగ్లీషులో రాయాలి. రైటర్‌కి ఇంగ్లీషంటే పిచ్చి ప్రేమ. ప్రమోషన్ కోసం ఒకప్పుడు ఈ మాస్టారి దగ్గరే కొన్నాళ్ళు చదివాడు. ప్రమోషన్ రాలేదు గానీ ప్రేమ పోలేదు.

"మేడమ్, ఓ చిక్కొచ్చిపడింది."

"ఏంటి?"

"అన్నదమ్ముల మధ్య ఏం జరిగిందని రాయను? డిస్ప్యూటా, ఆర్గ్యుమెంటా, క్వారలా, ఆల్టర్కేషనా?"

"గొడవ జరిగింది. గొడవని ఇంగ్లీషులో ఏమంటే అది రాయండి."

"అక్కడే ఉంది మేడమ్ తిరకాసు. మనకి గొడవ ఒక్కటీ ఉంటే చాలు. మొగుడూ పెళ్ళాం అలిగి పడుకున్నా గొడవే, వీధిలో కత్తులతో పొడుచుకున్నా గొడవే. ఇంగ్లీషులో అలా చెల్లదు. పోయిన ఆ మాస్టారే చెప్పేవాడు. ఆస్తి లాంటిదాని మీద ఏళ్ళ తరబడి నలిగితే డిస్ప్యూట్. నలుగురిలో కేకలేసుకుంటే ఆల్టర్కేషన్. ఎదుటివాడి మాట పూర్తిగా విని, దానికి తగ్గ జవాబు చెబితే ఆర్గ్యుమెంట్. ఎవడి మాటా ఎవడూ వినకుండా ఎగబడితే క్వారల్."

"అయితే క్వారల్ వెయ్యండి. తల పగలగొడతానన్నాడుగా!"

"వేశాను మేడమ్. కొట్టేశాను. సాక్షులు చెప్పింది చూస్తే ఒకడు అనడం, రెండోవాడు బదులివ్వడం. పద్ధతిగా ఉంది. ఆర్గ్యుమెంట్ అందామంటే మాటలేమో చంపుకునే మాటలు. రేపు డిఫెన్స్ లాయర్ పట్టుకున్నాడంటే కోర్టులో నా తోలు తీస్తాడు."

"అక్కడ మనిషి తల చితికిపోయింది. మీరిక్కడ మాటలకి తూకం వేస్తున్నారా?"

రైటర్ నొచ్చుకున్నాడు. ఆయన ఇంకేదో అనబోతుండగా బయట పెద్ద రభస మొదలైంది.

ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ళు. స్కూటర్ గేటుకి అడ్డం పెట్టాడని మొదలై, ఒకడి కనుబొమ చిట్లింది, ఇంకొకడి పన్ను ఊడింది. ఊడిన పన్ను అరచేతిలో పట్టుకుని మరీ వచ్చాడు. ఇద్దరూ రైటర్ బల్ల మీద పడి ఒకేసారి మొదలుపెట్టారు.

"ఒక్కొక్కరే చెప్పండయ్యా!" అన్నాడు రైటర్.

వినేదెవరు? ఒకడి తిట్టు పూర్తికాకుండానే రెండోవాడి తిట్టు వచ్చి పడుతోంది. నెత్తుటి తుంపరలు కాగితాల మీద చిందుతున్నాయి. కానిస్టేబుల్ లాఠీతో బల్ల మీద బాదాడు. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఇద్దరూ ఒకేసారి అందుకున్నారు. ఈలోగా పన్ను ఊడినవాడు చిట్లిన కనుబొమ మీదే ఇంకోటి ఇచ్చాడు.

వాళ్ళని పట్టుకొచ్చిన పక్కింటాయన్ని రైటర్ అడిగాడు. "మొదట ఎవరు ఏమన్నారు?"

"ఏమో సార్. గోడ పక్కనే ఉన్నా. కేకలు తప్ప ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

ఇన్‌స్పెక్టర్ తలెత్తింది. "ఏమన్నారు? మళ్ళీ చెప్పండి."

"ఒక్క ముక్క అర్థం కాలేదన్నాను మేడమ్. గొడవపడేవాళ్ళ మాటలు ఎవరికి అర్థమవుతాయి?"

ఆమె ఆ ఇద్దర్నీ మళ్ళీ ఒకసారి చూసింది. తర్వాత టోపీ పెట్టుకుంది. "రైటర్‌గారూ, మీరు ఏ మాటా వెయ్యకండి. ఆ జాగా ఖాళీగా ఉంచండి."

పొద్దున్నే టైలర్ షాపు తీసేసరికి ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో ఉంది.

"ఇదివరకు అన్నదమ్ములు గొడవపడితే ఏమనుకునేవాళ్ళు?"

"ఎలా తెలుస్తుంది మేడమ్? ఇద్దరికిద్దరూ ఒకేసారి నోరు పెట్టుకునేవాళ్ళాయె! తిట్లు తప్ప ఇంకేం చెవిన పడేవి కావు."

"మరి నిన్న?"

టైలరమ్మ మిషన్ తొక్కడం ఆపింది. "నిన్న... ప్రతి మాటా వినిపించింది."

"ఒకరు మాట్లాడుతుంటే రెండోవారేం చేశారు?"

"ఊరుకున్నారు." తన మాట తనకే వింతగా తోచింది ఆమెకి. "అవును మేడమ్, ఊరుకున్నారు. ఆయన అన్నాడు. కాసేపు ఆగి ఈయన అన్నాడు. కొత్త అల్లుడూ మామగారూ మాట్లాడుకున్నట్టు."

"నీ తల పగలగొడతానంటే, అన్న ఎంతసేపటికి జవాబిచ్చాడు?"

టైలరమ్మ మనసులోనే లెక్కేసుకుంది. "ఓ గుక్క టీ తాగేంతసేపటికి."

అక్కణ్ణుంచి ఆస్పత్రి. తమ్ముడి మొహం ఉబ్బి, ఒక కన్ను మూసుకుపోయింది. ఇన్‌స్పెక్టర్ మంచం పక్కన నిలబడి, సాక్షులు చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటే వినిపించింది. ఇటుక ముక్క. వాటా. తల.

అతని మూయని కన్ను పెద్దదైంది. రెండు చేతులూ లేపి తన చెవులకి దొప్పల్లా పెట్టుకున్నాడు.

"హెడ్‌ఫోన్సా?"

తలూపాడు.

"ఇది మీరు రికార్డు చేసిన పాఠమా? గొడవ వినిపించి, దానికి ఏ ఇంగ్లీషు మాట సరిపోతుందో పిల్లల్ని అడిగే పాఠం?"

మళ్ళీ మళ్ళీ తలూపాడు. తీగల మధ్య నుంచి ఏదో శబ్దం వచ్చింది. ఏడుపో, నొప్పో తెలియలేదు. మాస్టారు ఇంటి గొడవని కూడా వదల్లేదన్నమాట, పాఠం చేసుకున్నాడు.

"ఎవరు రికార్డు చేశారు?"

అతను పిడికిలి బిగించి, మైకులా నోటి ముందు పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం మాస్టారి గదిలో అందరూ కూర్చున్నారు. మాస్టారి భార్య, టైలరమ్మ, జిరాక్స్ పెద్దాయన, మైకు. తలుపు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళు. రైటర్ కాగితాలతో ఒక మూల. నేల కడిగినా బీరువా కింద ఇంకా నల్లటి చారలున్నాయి. వాసన అలాగే ఉంది.

సైబర్ సెల్ కుర్రాడు రికార్డింగ్ గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ సైగ చేసింది. మాస్టారి గదిలో గోడకున్న స్పీకర్లలో చిన్నగా గుర్రుమని చప్పుడు. ఇక ఏమీ లేదు.

"నిన్న డిలీట్ చేసిన ఫైలు ఇది. మా వాళ్ళు తవ్వి తీశారు," అంది ఇన్‌స్పెక్టర్. "మొదటి పదిహేను నిమిషాలూ ఇలాగే ఉంటుంది. పిల్లలకి మౌనం నేర్పే పాఠమేమో. అసలు సంగతి ముందుకి జరిపి వినిపిస్తాను."

‘ఈ బిల్డింగ్‌లో నీకు ఇటుక ముక్క కూడా రాదు!’

చచ్చిపోయిన మనిషి గొంతు గదంతా నిండిపోయింది. టైలరమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. మాస్టారి భార్య కుర్చీలో వెనక్కి అణిగిపోయింది.

‘నా వాటా ఇవ్వకపోతే నీ తల పగలగొడతా!’

"ఇదే!" అన్నాడు జిరాక్స్ పెద్దాయన. "ఇదే విన్నాం!"

ఇన్‌స్పెక్టర్ ఆపించింది.

"మీరు విన్నది గొడవ కాదు. గొడవలో ఎవడైనా వంతు కోసం ఆగుతాడా? తల పగలగొడతానని ఒకడంటుంటే, మాట పూర్తయ్యేదాకా వినే మర్యాద ఏ అన్నకైనా ఉంటుందా? ఇదివరకు వీళ్ళ గొడవల్లో ఒక్క మాట అర్థం కాలేదు. నిన్న ఒక్క మాట పోలేదు. ఆ తేడా మీకెవరికీ తట్టలేదు. మొదట నాకూ తట్టలేదు. ముగ్గురూ ఒకే ముక్క చెప్పారని సంతోషించాను." మైకు వైపు తిరిగింది. "పాఠంలో ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడకూడదని మాస్టారి పట్టుదల. అందుకని అన్నవి ఒకసారి, తమ్ముడివి ఇంకోసారి రికార్డు చేసి, మధ్యలో ఖాళీలిచ్చి అతికించావు. పని శుభ్రంగా చేశావు. మరీ శుభ్రంగా చేశావు."

మైకు కదల్లేదు. "పాఠం రికార్డు చేసింది నేనే మేడమ్. కాదనను. నిన్న ఎవరు వేశారో నాకెలా తెలుసు? తమ్ముడే వేసుండొచ్చు."

"తన గొంతుతో తనకే ఉరి బిగించుకోడానికా?"

మైకు కుర్చీని మళ్ళీ కాస్త పక్కకి తిప్పుకున్నాడు.

"పన్నెండు దాటాక చంపావు. పన్నెండుంబావుకి ఫైలు ఆన్ చేసి కిందికి దిగావు. పదిహేను నిమిషాల ఖాళీ. నువ్వు టీ తాగుతుండగా పైన ‘గొడవ’ మొదలైంది. తమ్ముడు రోజూ ఆ వేళకి డాబా మీద మోటారు దగ్గరుంటాడని, అతనికేమీ వినపడదని నీకు తెలుసు. అతను దిగొచ్చి, అన్నని చూసి ఒళ్ళోకి తీసుకున్నాడు. కేక విని జనంతో పాటు పైకొచ్చావు. వాళ్ళు అతన్ని కొడుతుంటే నువ్వు ఫైలు చెరిపేశావు."

"నేనెందుకు చంపుతాను? పన్నెండేళ్ళు ఆయన దగ్గర పనిచేశా. ఒక్కనాడు గొడవ లేదు. ఎవర్నైనా అడగండి."

ఇన్‌స్పెక్టర్ నింపాదిగా నడిచి, అతని ఎడమ పక్కకి వెళ్ళింది. కాస్త వెనగ్గా నిలబడి, మామూలుకంటే తగ్గించిన గొంతుతో అంది.

"నీ కాలర్ మీద నెత్తురుంది."

టైలరమ్మ చూపు చటుక్కున అతని కాలర్ మీదికి పోయింది. పెద్దాయన మెడ సాచాడు. మూలనున్న రైటర్ కూడా తొంగి చూశాడు. మైకు మాత్రం ఎదురుగోడ చూస్తూ కూర్చున్నాడు.

ఆమె కుడి పక్కకి వచ్చింది. అదే గొంతుతో, అదే మాట అంది.

మైకు చెయ్యి ఎగిరి కాలర్ మీద పడింది.

"కాలర్ మీద ఏమీ లేదు," అంది. "నీ ఎడమ చెవిలోనూ ఏమీ లేదు. ఎప్పట్నుంచి?"

కుర్చీ వెనక్కి పడింది. మూలనున్న రెండో మైకు స్టాండు అతని చేతుల్లోకి ఎలా వచ్చిందో ఎవరూ చూడలేదు. ఇనప దిమ్మ గాల్లో తిరిగి రైటర్ భుజం మీద దిగింది. ఎముక చప్పుడు అందరికీ వినిపించింది. అడ్డం వచ్చిన కానిస్టేబుల్ నుదురు చీరుకుపోయి మోకాళ్ళ మీద పడ్డాడు. మూడోసారి దిమ్మ ఇన్‌స్పెక్టర్ తల కోసం వచ్చింది. ఆమె వంగింది. దిమ్మ బీరువా అద్దంలో దిగబడింది. అది బయటికి లాగేలోపే కానిస్టేబుల్ వదిలేసిన లాఠీ అందుకుని, అతని మణికట్టు మీద ఒక్కటే కొట్టింది. చెయ్యి వేలాడిపోయింది. మెడ మీద మోకాలు వేసి గాజు పెంకుల్లోనే అణచిపెట్టింది.

"ఇప్పుడు చెప్పు."

నేలకి అదిమిన మొహంతో అతను ఆయాసపడ్డాడు. "రికార్డింగ్‌లో ఒక మాట పాడైందని కొట్టాడు. అరచేత్తో, చెవి మీద. లోపల టప్‌మంది. దిండంతా నెత్తురే. ఇక వినపడదన్నాడు డాక్టరు. సౌండు మనిషికి చెవి పోతే ఇంకేం మిగుల్తుంది మేడమ్? ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉన్న పనీ పోతుంది. మళ్ళీ చెయ్యెత్తితే చంపేద్దామని ఫైలు తయారుచేసి పెట్టుకున్నా. ఎత్తాడు. ఈసారి కుడి వైపు. ఆయన బల్ల వైపు తిరగ్గానే స్టాండు అందుకున్నా."

"తమ్ముడు నీకేం చేశాడు?"

"ఏమీ చెయ్యలేదు. ఆ రోజు నన్ను కొడుతుంటే చూస్తూ కూర్చున్నాడు. అందుకే."

రైటర్ భుజం పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. నొప్పితో చెమటలు పోస్తున్నా పుట్టిన బుద్ధి ఊరుకోదు. "మేడమ్... మాస్టారికీ ఇతనికీ మధ్య... ఏం జరిగిందని రాయను?"

నేల మీది మనిషి నవ్వాడు. పళ్ళ మధ్య నెత్తురు.

"ఏం రాయకండి సార్. గొడవంటే ఇద్దరుండాలి. ఆయన కొట్టేవాడు, నేను పడేవాణ్ణి."

సాయంత్రం ఆస్పత్రి గది బయట కాపలా తీసేశారు. ఆ సంగతి చెప్పడానికి ఇన్‌స్పెక్టర్ స్వయంగా వెళ్ళింది. ఆమె వెనకాలే మాస్టారి భార్య లోపలికొచ్చి, మంచానికి రెండడుగుల దూరంలో ఆగిపోయింది.

"కొట్టమన్నది నేనే," అంది మరిదితో. "ఆ కుర్చీ కాలు విరుస్తుంటే చూసి కూడా ఆపలేదు."

అతను ఆమెనే చూస్తున్నాడు.

"ఏదో ఒకటి అను. తిట్టు. నోరారా తిట్టు. నాతో గొడవపడు, నేను పడతాను."

తీగలు బిగించిన నోటినుంచి ఏ మాట వస్తుంది? అతను దుప్పటి కింద నుంచి చెయ్యి తీసి, పైకెత్తాడు.

ఆమె చప్పున కళ్ళు మూసుకుని, రెండు అరచేతులతో చెవులు కప్పుకుంది. భుజాలు ముడుచుకుపోయాయి. ఎన్నో ఏళ్ళ అలవాటు లేనిదే అంత వేగం రాదు. గుమ్మంలో ఉన్న ఇన్‌స్పెక్టర్‌కి అది అర్థమైంది. మంచం మీది మనిషికీ అర్థమైంది. ఆ ఇంట్లో అన్నేళ్ళున్నాడు, చూస్తూ కూర్చున్నాడు. అతని మూయని కంట్లోంచి నీళ్ళు కారాయి.

అతను మంచం పక్కనున్న స్టూలుని ఆమె వైపు జరిపాడు. ఆమె ఇంకా కళ్ళు తెరవలేదు. స్టూలు నేల మీద గీరుకున్న చప్పుడు ఆమెకి వినపడలేదు. ఇన్‌స్పెక్టర్ వెళ్ళి, ఆమె చేతులు మెల్లిగా చెవుల మీద నుంచి తీసి, భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.